శాటిన్ కార్సెట్ సాగిపోతోందా? లోపలి పొర మార్చండి

1860ల నాటి ఇంగ్లండ్ కథతో వేసే నాటకానికి శాటిన్‌తో కార్సెట్ (తాళ్లతో నడుము బిగించే దుస్తు) కుట్టానని, తాళ్లు బిగించగానే నడుము దగ్గర సాగిపోయి ప్లాస్టిక్ బోన్లు (ఆకారం నిలిపే సన్నని పట్టీలు) వంగిపోయాయని రాశారు. టెన్షన్ పడకండి, శాటిన్ పైపొరగా పనికొస్తుంది. బిగువు మోయాల్సింది లోపలి పొర. దానికి కూటిల్ అనే దట్టమైన నూలు బట్ట సరైనది. దొరకకపోతే మందపాటి కాటన్ డ్రిల్ తీసుకోండి. షాపులోనే బట్టను రెండు చేతులతో పట్టుకుని ఏటవాలుగా గట్టిగా లాగి చూడండి. బాగా సాగితే వద్దు, లైక్రా కలిసినదైతే అసలే వద్దు. కత్తిరించే ముందు తడిపి, ఆరేసి, ఇస్త్రీ చేయాలి.

నడుము గీత వెంట లోపల ఒక నూలు టేపు కుట్టండి, లాగుడు చాలావరకు అదే భరిస్తుంది. అప్పట్లో బోన్లకు తిమింగలం నోటిలోని బలీన్ పలకలు, స్టీలు వాడేవారు. మీరు పక్కల్లో స్పైరల్ స్టీలు (చుట్లు తిరిగిన తీగతో చేసిన బోన్లు), వెనక ఐలెట్ల (తాళ్లు దూర్చే రంధ్రాల) పక్కన చదును స్టీలు పెట్టండి.

లోపల వేసుకునే షెమీజ్‌కు మాత్రం పల్చని కేంబ్రిక్ కాటన్ చాలు. చెమట పీల్చేది, తరచూ ఉతికేది అదే. అందులో పాలియెస్టర్ వాడితే స్టేజీ లైట్ల కింద దాన్ని వేసుకున్న నటి ఉడికిపోతుంది.