జీడితోట గట్టులో మూత ఉన్న కన్నం: టరంటులా కాదు

పలాస దగ్గర జీడితోట గట్టులో మట్టిమూత ఉన్న కన్నం, అందులోంచి వచ్చిన నల్లటి సాలీడు టరంటులాయేనా అని అడిగారు. కాదండీ, దాని దాయాది.

మీరు పంపిన మొదటి ఫోటోలో కోరలు రెండూ గునపాల్లా పక్కపక్కనే కిందికి దిగి ఉన్నాయి. పొట్ట అడుగున లేత మచ్చలు రెండు జతలున్నాయి, అవి ఊపిరితిత్తులు. అంటే టరంటులాలు కూడా చేరే మైగలోమార్ఫ్ వర్గమే. మన ఇంటి గోడ మీద తిరిగే సాలీడు కోరలు పటకారులా ఎదురెదురుగా కలుస్తాయి.

ఇక కుటుంబం. రెండో ఫోటో పెద్దది చేసి చూడండి: కోరల మొదట్లో పొట్టి ముళ్ల వరుస ఉంది, అదే దాని గడ్డపార. రెండు కళ్లు మిగతా ఆరింటిని వదిలి ముఖం అంచుకు జరిగాయి. వీటికి మూత కూడా తోడైతే ఇడియోపిడే కుటుంబమే, బహుశా ఇడియాప్స్ ప్రజాతి. టరంటులాలది థెరఫోసిడే, వాటి గోళ్ల కింద నూగు దట్టంగా, మెత్తలా ఉంటుంది. మీ దాని గోళ్లు బయటికే కనిపిస్తున్నాయి.

జాతి పేరు మాత్రం ఫోటోతో తేలదు. ఆడదాని జననాంగపు తిత్తులనో, మగదాని స్పర్శాంగం కొసనున్న బుడిపెనో మైక్రోస్కోపులో చూడాలి. రంగును నమ్మి పేరు పెట్టేవాళ్లను నమ్మకండి.

కన్నం తవ్వకండి, ఆడది ఏళ్ల తరబడి అందులోనే కాపురముంటుంది. వానల్లో జతకోసం తిరిగే మగది ఇంట్లోకి వస్తే, చీపురు అందుకునే ముందు ఒక ఫోటో తీసి పెట్టండి.