ఊద్ పట్టబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

కువైట్‌లో ఊద్ అనే మెట్లు లేని అరబ్బు తీగవాద్యం నేర్చుకుంటానని, తర్వాత దాన్ని మన కర్ణాటక సంగీతంతో కలిపి కచేరీ చేస్తానని రాశావు. చాలా సంతోషం. కాకపోతే ఆ రెండో కోరికను రెండేళ్లు పక్కన పెట్టు. వయొలిన్ వల్ల నీ ఎడమచేయి మెట్లు లేని వాద్యానికి ఇప్పటికే అలవాటుపడింది. కొత్తగా రావలసింది కుడిచేయి, ఊద్ నాదమంతా ఆ చేతిలోనే ఉంటుంది.

ముందు కొనడం సంగతి. అరబ్బు ఊద్‌కి నట్ (మెడ పైకొసన తీగలు ఆనే పట్టీ) నుంచి బ్రిడ్జి (పొట్ట మీద తీగలు కట్టే చెక్క) దాకా తీగ పొడవు 61 సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది, టర్కీ ఊద్‌కి 58.5. నీ పనికి అరబ్బుదే తీసుకో. దుకాణానికి టేపు పట్టుకెళ్లి మెడ పొడవు కూడా కొలువు. అది తీగ పొడవులో సరిగ్గా మూడోవంతు ఉండాలి: 61.5కి 20.5. అలా ఉంటే మెడ పొట్టతో కలిసేచోట ప్రతి తీగకీ దాని పంచమం పలుకుతుంది. చూడకుండా వాయించేటప్పుడు నీ చేతికి అదే గుర్తు. అదేచోట తీగకీ చెక్కకీ మధ్య ఎడం 3 మిల్లీమీటర్లు దాటితే ఆ వాద్యం వద్దు. నొక్కినప్పుడు తీగ సాగి స్వరం పైకి పోతుంది, వేళ్లూ నొప్పెడతాయి. బ్రిడ్జి వెనక అంచు కింద ఒక కాగితం దూర్చి చూడు. దూరిందంటే బ్రిడ్జి లేస్తోందన్నమాట. ముత్యపు చిప్ప పొదిగారా, రోజ్ (నాదరంధ్రం మీది జాలీ) ఎంత అందంగా చెక్కారా అన్నవి చివర చూసుకోవచ్చు.

తీగలు పదకొండు: అయిదు జంటలు, మంద్రానికి ఒక్కటి. గిటార్ తీగలు ఎన్నడూ వెయ్యకు. బిగువు ఎక్కువై, జిగురుతో అంటించిన బ్రిడ్జి ఊడి వస్తుంది. టర్కీ సెట్టు అరబ్బు ఊద్‌కి వేసినా చిక్కే, అరబ్బు సెట్టే అడిగి తీసుకో. మార్చేటప్పుడు అన్నీ ఒకేసారి విప్పకుండా ఒక్కొక్కటే మార్చు. కొత్త తీగలు నిలబడడానికి నాలుగైదు రోజులు పడుతుంది. జంటలో ఒకదాన్ని వేలితో ఆపి రెండోదాన్ని ముందు శ్రుతి చెయ్యి, తర్వాత మొదటిదాన్ని దానికి కలుపు. కువైట్‌లో ఏసీ గాలి పొడి, చెక్క కుంచించుకుపోయి బిరడాలు జారతాయి. అదే ఊద్‌ను విశాఖ తెస్తే తేమకు ఉబ్బి బిరడాలు బిగుసుకుంటాయి. పెట్టెలో తేమ 45 నుంచి 55 శాతం ఉండేలా చూసుకో. ఎండలో నిలిపిన కారులో మాత్రం పది నిమిషాలు కూడా వదలకు.

శ్రుతి కింది నుంచి పైకి: దో, ఫా, లా, రే, సోల్, దో. అక్కడి గురువులు ఈ పాశ్చాత్య స్వరాల పేర్లే వాడతారు, అలవాటు చేసుకో. రే అంటే మన రెండు శ్రుతి.

ఇక రీషా. తీగలు మీటే 10, 12 సెంటీమీటర్ల పొడుగు పట్టీ అది, ప్లాస్టిక్‌దీ కొమ్ముదీ దొరుకుతాయి. గిటార్ పిక్‌లా రెండు వేళ్ల కొసలతో పట్టుకుంటే శబ్దం టకటకమంటుంది, నాదం రాదు. పిడికిలి వదులుగా ముడిచి, రీషా అందులోంచి పోయేలా పెట్టుకుని, మణికట్టుతో వాయించాలి. కిందికి కొట్టిన ప్రతి మీటు తర్వాతి తీగ మీద వాలి ఆగాలి. కొత్త తీగకు మారినప్పుడు మొదటి మీటు కిందికే. పైనుంచి వస్తూ చేతికి అందింది కదా అని పైకి మీటితే జతుల బరువంతా తప్పుతుంది. మొదటి రెండు నెలలు రోజూ పావుగంట ఉత్త తీగల మీద, మెట్రోనోమ్ 60లో, ఇది ఒక్కటే చెయ్యి. విసుగు పుడుతుంది, అయినా చెయ్యి. ఇక్కడ తొందరపడినవాళ్ల మీటులో ఎన్నేళ్లయినా గిటార్ వినిపిస్తుంది.

గమకం విషయంలో నీకు ఇబ్బంది రాబోతోంది. ఊద్ నాదం తొందరగా ఆరిపోతుంది, నీ కమాను లాగినట్టు సాగదు. వీణలో లాగినట్టు తీగను పక్కకి లాగినా పెద్దగా ఏమీ జరగదు. జారు బాగా పలుకుతుంది. దీర్ఘస్వరాన్ని నిలపాలంటే రీషాతో వేగంగా పైకీ కిందికీ మీటాలి. తోడి గాంధారంలాంటి కంపితాన్ని దీనిమీద బలవంతంగా తేవద్దు.

మఖామ్‌లకు, అంటే అరబ్బుల రాగాలకు వద్దాం. రాస్త్ అనే మఖామ్‌లో గాంధారం మన సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ మధ్యన ఉంటుంది. బయాతీ అనే ఇంకోదానిలో రిషభం శుద్ధానికీ చతుశ్శ్రుతికీ నడుమ. రే నుంచి బయాతీ, దో నుంచి రాస్త్ పలికిస్తే రెండింటికీ ఆ స్థానం ‘మీ నుస్ బెమోల్’ (సగం కోమలమైన మీ) అనే రాసి ఉంటుంది. 61.5 సెంటీమీటర్ల రే తీగ మీద కోమల మీ నట్ నుంచి సుమారు 34 మిల్లీమీటర్ల దగ్గర, పూర్తి మీ 67 దగ్గర వస్తాయి, లెక్క ప్రకారం వాటి నడిమిది 51. కానీ వినేవాళ్లకు ఆ లెక్క చాలదు. బయాతీలో వేలు రెండు మూడు మిల్లీమీటర్లు నట్ వైపు జరగాలి, రాస్త్‌లో అంతే బ్రిడ్జి వైపు. ట్యూనర్ చూసి నేర్చుకున్నవాళ్లకి రెండూ ఒకేలా పలుకుతాయి. చెవితోనే పట్టాలి: రియాద్ అల్-సున్బాతీ, ఇరాక్‌కు చెందిన మునీర్ బషీర్, ఆయన అన్న జమీల్ బషీర్‌ల తక్సీమ్‌లు (అప్పటికప్పుడు కల్పించి ఒంటరిగా వాయించేవి) రోజుకొకటి విని, ఒక్కో వాక్యాన్నీ ముందు గొంతుతో పాడి, తర్వాత తీగ మీదికి తీసుకురా.

తక్సీమ్‌ని చిన్న ఆలాపన అనుకోవచ్చు, కానీ నడక వేరు. కింది నాలుగైదు స్వరాల ముక్కలో మొదలుపెట్టి, పై ముక్కకు ఎక్కి, తిరిగివచ్చి ఒక ముగింపు పలుకుతో నిలుపుతారు. ఆ పలుకును ఖఫ్లా అంటారు. సభలోంచి ‘అల్లాహ్’ అన్న మెచ్చుకోలు వచ్చేది దాని తర్వాతే. ఎక్కేటప్పుడు పై ముక్క ఒకటి, దిగేటప్పుడు ఇంకొకటి కావచ్చు. రే నుంచి హిజాజ్ అనే మఖామ్ వాయిస్తూ సోల్ మీద ఎక్కుతూ రాస్త్ ముక్క, దిగుతూ నహావంద్ అనే ఇంకో మఖామ్ ముక్క పలికించడం అక్కడ మామూలే. మన చెవికి అది అన్యస్వరం.

అందుకే కలిపి వాయించేనాడు స్వరాల పట్టికలు ఒకటయ్యాయని మురిసిపోవద్దు. హిజాజ్‌కార్ మఖామ్‌వీ మాయామాళవగౌళవీ ఒకే స్వరాలు, కుర్ద్ మఖామ్‌వీ హనుమత్తోడివీ ఒకే స్వరాలు. అయినా కుర్ద్‌లో గాంధారం కదలకుండా నిలబడుతుంది, నువ్వు ఊపితే అది కుర్ద్ కాదు. మొదట హిజాజ్‌కార్, తర్వాత కీరవాణి పక్కన నహావంద్ ఎంచుకో. ఎక్కడ ఏ స్వరం మారుతుందో, అప్పుడు ఎవరు ఆగాలో కూర్చుని రాసుకోండి. మఖామ్ మారే చోట తంబురా ఆపెయ్యాలి. సబా అనే మఖామ్‌కైతే అసలు పెట్టకు. రే షడ్జంగా వాయిస్తే దాని పై స్థాయిలో రే బదులు కోమల రే వస్తుంది, షడ్జం మోగుతుంటే రెండూ కొట్టుకుంటాయి. అన్వర్ బ్రాహెమ్ ఊద్‌తో షౌకత్ హుసేన్ తబలా వాయించి 1994లో వెలువడినదీ, ఊద్ విద్వాంసుడు సైమన్ షహీన్‌తో మోహన వీణ వాయించే విశ్వమోహన్ భట్ చేసి 1996లో వెలువడినదీ, ఈ రెండు రికార్డింగులూ విను. ఒకరికొకరు ఎంత చోటు వదిలారో గమనించు.

వయొలిన్ మాత్రం ఈ కలయికలో నీకు వరం. అరబ్బులూ దాన్ని సోల్-రే-సోల్-రే అని కడతారు, మన స-ప-స-ప వరసే. తీగల వరస మార్చే పనే లేదు.

తాళంలో జాగ్రత్త. సమాయి అనే పది మాత్రల అరబ్బు తాళానికి మృదంగం వాళ్లు వెంటనే రెండు ఖండచాపులు పట్టేస్తారు. కానీ సమాయి నడక 3+2+2+3. దుమ్ అనే మంద్రపు దెబ్బలు ఒకటి, ఆరు, ఏడు మీద. తెక్ అనే పదునైన దెబ్బలు నాలుగు, ఎనిమిది మీద. 2+3 రెండుసార్లు వేస్తే మొదటి సగంలోనే బరువు మూడో దెబ్బ మీద పడి పాట కుంటుతుంది. మృదంగ విద్వాంసుడి చేత ముందు ఆ అయిదు దెబ్బలే పదిసార్లు వేయించి, ఆ తర్వాత సొల్లు మొదలుపెట్టించు.

వేదిక మీద మృదంగం పక్కన ఊద్ వినపడదు, కంజిర కాస్త నయం. మైకు రోజ్‌కి ఎదురుగా పెడితే శబ్దం గుంయ్‌మంటుంది. మెడ పొట్టతో కలిసేచోటికి గురిపెట్టి, పాతిక సెంటీమీటర్ల దూరంలో ఉంచు. తీగల సెట్లు మాత్రం రెండు కొనిపెట్టుకో, ఇక్కడ అలా బ్రిడ్జికి ముడివేసే తీగలు వెతికినా దొరకవు.

మామయ్య