మొదటిసారి లీవు మీద ఇంటికొస్తున్న బిడ్డకు

బిడ్డా,

దుబాయ్ కంపెనీలో నీకు లీవు దొరికిందని, ఎంగిలిపూల బతుకమ్మ నాటికి ఇంట్లో ఉంటావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. దుబాయ్‌లో, సౌదీలో నేను పనిచేసిన ఏళ్లలో మన జగిత్యాల, సిరిసిల్ల వాళ్లు లీవు మీద రావడం, పోవడం ఎన్నోసార్లు దగ్గర నుంచి చూశాను. అందుకే ఈ ఉత్తరం. సెలవు రోజున రూములో తీరిగ్గా చదువుకో.

నెల రోజుల లీవు చేతికి నెల రోజులుగా రాదు. ప్రయాణం, పండుగ, చుట్టాలు, ఆఫీసు పనులు పోగా ఇంట్లోవాళ్లతో కుదురుగా ఉండేది కొద్ది రోజులే. మనవాళ్లు ముందు ఊరందరికీ రోజులు పంచేసి, మిగిలింది ఇంటికి ఇస్తారు. ఆఖరికి ఏమీ మిగలదు. నువ్వు ముందు ఇంటివాళ్ల రోజులు పక్కన పెట్టుకో, తర్వాతే ఊరు.

టికెట్ ఇప్పుడే తీసుకో. దసరా దగ్గరపడే కొద్దీ రేట్లు పెరుగుతాయి. కంపెనీ టికెట్ అయితే తేదీ రాతపూర్వకంగా తీసుకో. పాస్‌పోర్టు వాళ్ల దగ్గరుంటే వారం ముందే అడుగు. లీవు జీతం కూడా బయలుదేరే ముందే అడిగి తీసుకో.

ఇక ఇంటికి సామాన్లు నింపి తెచ్చే కార్టన్ సంగతి. దుప్పట్లు, టైగర్ బామ్, సెంటు సీసాలు, పాలపొడి డబ్బాలు, ఖర్జూరాలు. వీటికోసం రూములో అప్పు చేసేవాళ్లను చూశాను. నువ్వు చేయొద్దు. ఏజెంటుకు కట్టడానికి తెచ్చిన బాకీ ఇంకా ఉందని నాకు తెలుసు. దాని మిత్తి నువ్వు లీవులో ఉన్నా ఆగదు. ఎవరికి ఏం తేవాలో కోడలిని అడుగు, ఆ లిస్టు దాటొద్దు. మా ఇంటికి ఏమీ తేవద్దు, మీ పెద్దమ్మ కూడా అదే చెప్పమంది. బంగారం తెస్తే, ఏడాది దాటి బయట ఉన్నావు కాబట్టి నగల రూపంలో 20 గ్రాముల వరకు మగవాళ్లకు సుంకం లేకుండా వదులుతారు. విలువ మీద నిబంధనలు మారుతుంటాయి, బయలుదేరే ముందు కస్టమ్స్ సైట్‌లో చూసుకో. బిల్లు జేబులో పెట్టుకో. వేరేవాళ్ల బంగారం మాత్రం ఒక్క గ్రాము కూడా తేవద్దు, ఎంత దగ్గరి దోస్తు అడిగినా సరే.

చిన్నదాని గురించి ఎక్కువ రాయాలి. నువ్వు పోయేటప్పుడు అది చంకలో పిల్ల. ఇప్పుడు ఇల్లంతా పరుగెడుతోంది. రోజూ వీడియో కాల్‌లో నీకు ముద్దు పెడుతుంది కదా, వెంటనే నీ దగ్గరికి వచ్చేస్తుందనుకుంటావు. రాకపోవచ్చు. ఫోన్‌లో కనిపించే డాడీ వేరు, ఇంట్లో నిలబడిన ఇంత పెద్ద మనిషి వేరు దానికి. ఎయిర్‌పోర్టులో తల్లి చేతిలోంచి తీసుకోవద్దు. ఇంటికొచ్చాక అది ఆడుకునే చోట నువ్వూ కింద కూర్చో. పలకరించకపోయినా పర్వాలేదు. అన్నం తల్లి కలిపితే పళ్లెం నువ్వు పట్టుకో. రెండు మూడు రోజులకు అదే వచ్చి నీ చెయ్యి పట్టుకుంటుంది. 'డాడీని గుర్తుపట్టలేదా' అని నలుగురి ముందు దాన్ని ఎవరు అడిగినా అక్కడే ఆపు. అది పిల్లకూ బాధే, నీకూ బాధే.

కోడలు ఇన్ని రోజులు ఇంటిని ఒక్కతే నడిపింది. సంఘంలో కిస్తీ కట్టింది, మీ బాపును ఆసుపత్రికి తిప్పింది, ఎరువుల లైన్లో నిలబడింది. నువ్వు రాగానే బీరువా తాళం, బ్యాంకు కార్డు తీసుకుని లెక్కలు అడగడం మొదలుపెడితే ఆమె మనసు విరుగుతుంది. ముందు ఆమె చెప్పేది పూర్తిగా విను. సద్దుల బతుకమ్మకు తల్లిగారింటికి పోవాలని ఆమెకు ఉంటుంది, నిన్ను ఇంట్లోనే ఉంచుకోవాలని మీ అమ్మకు ఉంటుంది. ఇది ఇక్కడికొచ్చాక తేల్చే పని కాదు. ఇప్పుడే ఫోన్‌లో ఇద్దరితో మాట్లాడు. నా మాట అడిగితే, నువ్వూ కోడలి వెంట రెండు రోజులు వాళ్ల ఊరికి పోయిరా. దసరా మన ఇంట్లో.

చేబదులు అడిగేవాళ్లు మొదటి వారంలోనే వస్తారు. ఎవరికి ఎంత, అసలు ఇవ్వాలా వద్దా అన్నది మీరిద్దరూ ముందే అనుకోండి. ఇద్దరి నోటా ఒకటే జవాబు రావాలి.

నువ్వు లేనప్పుడు మన వాడలో, చుట్టాల్లో పోయినవాళ్లు ఉన్నారు. వాళ్ల పేర్లు కాగితం మీద రాసి ఉంచుతాను. ఏ దావత్‌కూ పోకముందే ఆ ఇళ్లకు పోయి పరామర్శించు. ఎక్కువ మాట్లాడక్కర్లేదు, కూర్చుంటే చాలు. లేచేటప్పుడు 'పోయొస్తా' అనొద్దు, అది తెలుసు కదా. మిగతా ఊరంతటినీ విడిగా తిరగక్కర్లేదు. దసరా సాయంత్రం జమ్మి పెట్టి పెద్దలకు దండం పెట్టుకుంటూ వాడ తిరిగితే అందరినీ కలిసినట్టే.

మీ బాపును మొదటి వారంలోనే కరీంనగర్ తీసుకుపోయి కళ్లు చూపించు. మసక వేళ గడప తట్టుకుంటున్నాడు. శుక్లమేమోనని నా అనుమానం. 'ఇప్పుడెందుకు, ఖర్చు' అంటాడు, వినొద్దు. ముందే పోతే, ఆపరేషన్ కావాలన్నా చేయించి కొన్ని రోజులు దగ్గరుండి చుక్కల మందు వేయొచ్చు. ఆఖరి వారానికి పెట్టుకుంటే ఆ భారం మళ్లీ కోడలి మీదే పడుతుంది. మీ అమ్మకు కూడా బీపీ, షుగర్ చూపించు.

కాగితాల పనికి ఒక రోజు ఇవ్వు. భూముల రికార్డులకు ధరణి పోయి 2025లో భూభారతి వచ్చింది. మన పొలం సర్వే నంబర్, విస్తీర్ణం అందులో సరిగా ఉన్నాయో చూసుకో. డబ్బు నీ పేరు మీదే పంపాలంటే పాత సేవింగ్స్ ఖాతాలోకి కాదు, బయటి దేశాల్లో ఉండేవాళ్లకు ఇచ్చే ఎన్ఆర్ఈ ఖాతా తెరిచి అందులోకి పంపు. ఆ వడ్డీకి ఇక్కడ ఆదాయపు పన్ను కూడా ఉండదు. నామినీగా కోడలి పేరు రాయించు. పోయేటప్పుడు తీసుకున్న ప్రవాసీ భారతీయ బీమా పాలసీ రెండేళ్లదో మూడేళ్లదో చూడు. గడువు అయిపోతే ఆన్‌లైన్‌లో రెన్యూవల్ చేయించు. ప్రమాదంలో ఏదైనా జరిగితే 10 లక్షలు వచ్చే పాలసీ అది. ఆ కాగితం ఎక్కడుందో కోడలికి తెలియాలి. ఇలాంటి మాట శుభమా అని మీ అమ్మ అంటుంది, అననీ. ఆ కాగితం దొరకక ఆఫీసుల చుట్టూ తిరిగిన ఆడవాళ్లను మన మండలంలోనే చూశాను.

తిరిగి పోయేటప్పుడు పచ్చళ్లు, సకినాలు కట్టిస్తారు. మసాలాలో గసగసాలు లేకుండా చూసుకో, దుబాయ్‌లో అవి నిషేధం. 'మావాడికి ఈ పొట్లం ఇవ్వు' అని ఎవరు తెచ్చినా వాళ్ల ముందే విప్పి చూడు. మందులైతే డాక్టరు చీటీ లేనిది ముట్టొద్దు, నొప్పి మాత్రలైనా సరే. మొహమాటపడితే అక్కడ జైలు పాలవుతావు. ఎవరైనా నొచ్చుకుంటే నా పేరు చెప్పు, నేను మాట్లాడతాను.

ఏ కారణంతోనైనా లీవు పొడిగించాల్సి వస్తే గడువు దాటకముందే కంపెనీకి రాసి, వాళ్ల జవాబు దాచుకో. కారణం లేకుండా వరసగా ఏడు రోజులు దాటి డ్యూటీకి రాకపోతే అక్కడి చట్టం ప్రకారం నోటీసు లేకుండానే తీసేయొచ్చు. ఆరు నెలలు దాటి బయట ఉంటే రెసిడెన్సీ వీసానే పోతుంది.

తేదీ ఖాయం కాగానే నాకు చెప్పు. శంషాబాద్‌కు జీపు నిండా జనం రావద్దని ఇంట్లో చెప్పాను. నేను, కోడలు, చిన్నది వస్తాం. మీ బాపును రాత్రి ప్రయాణం చేయించొద్దు. కారు నేనే మాట్లాడతాను, కిరాయి గురించి నువ్వు ఆలోచించకు.

నీ పెద్దబాపు