తాబేళ్ల సర్జన్ కావాలంటే ఏ చదువు చదవాలి?

ప్రశ్న: మాది నెల్లూరు. అంబత్తూరులో స్థిరపడ్డాం. మా అమ్మాయి ప్లస్ వన్ (పదకొండో తరగతి), బయాలజీ గ్రూపు. ఆడ తాబేలుకు డిప్ప కోయకుండా, చిన్న గాటుతోనే గుడ్లు పెట్టకుండా ఆపరేషన్ చేస్తారని వీడియో చూసి, తనూ అదే పని చేస్తానంటోంది. దానికి చదువేమైనా ఉందా? మాకు టెన్షన్‌గా ఉంది. (ఒక తల్లి, చెన్నై)

జవాబు: అమ్మా, మీ అమ్మాయి చూసింది నిజమే. అయితే దానికి విడిగా కోర్సు లేదు. పశువైద్యంలో సర్జరీ చదివి, తర్వాత సరీసృపాల మీద చేయి తిరిగినవాళ్లే ఆ ఆపరేషన్ చేస్తారు.

ఒకప్పుడు పొట్టవైపు డిప్పను రంపంతో కోసి, పని అయ్యాక ఆ ముక్కను మళ్లీ అతికించేవారు. అది ఎముక కాబట్టి మానడానికి నెలలు పట్టేది. ఇప్పుడు వెనక కాలికి ముందుండే మెత్తటి చోట గాటు పెట్టి, ఎండోస్కోప్‌తో (చివర కెమెరా ఉండే సన్నటి గొట్టంతో) చూస్తూ అండాశయాలను బయటికి తెచ్చి, రక్తనాళాలు కట్టేసి తీసేస్తారు. ఈ ఆపరేషన్ ఎందుకంటే, గుడ్డు లోపలే చిక్కుకుంటే తాబేలు ప్రాణానికే ముప్పు. మగ తోడు లేకపోయినా అది గుడ్లు పెడుతుంది కాబట్టి ఒంటరిగా పెంచినా ఆ బాధ తప్పదు. అమెరికాలోని మిసిసిపి ప్రాంతం నుంచి పెంపుడు జంతువుగా వచ్చి, చెరువుల్లో వదిలేస్తే స్థానిక తాబేళ్లకు పోటీ అయ్యే ఎర్రచెవి తాబేలు సంఖ్య పెరగకుండా చూడటానికీ ఇది పనికొస్తుంది. చెన్నై తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీ సముద్ర తాబేళ్ల సంగతి వేరు. వాటి ప్రతి గుడ్డూ మనకు కావాలి.

నా దృష్టిలో ఇందులో కత్తి పట్టడం కంటే మత్తు ఇవ్వడమే కష్టం. తాబేలు చాలాసేపు ఊపిరి బిగబట్టగలదు. మాస్కు పెట్టి మత్తు ఎక్కించాలంటే కుదరదు. ఇంజెక్షన్ ఇచ్చి, గొట్టం వేసి, ఊపిరి మనమే అందించాలి. ఒళ్లు చల్లబడితే మత్తు దిగడానికి గంటలు పడుతుంది. మీ అమ్మాయికి ఈ ఓపిక ఉందా అన్నదే మీరు గమనించాల్సింది.

చదువు విషయానికొస్తే, ముందు బీవీఎస్సీ, అంటే పశువైద్య డిగ్రీ. ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు. వేప్పేరిలో 1903లో మొదలైన మద్రాసు వెటర్నరీ కాలేజీ మీకు దగ్గరే. అక్కడ రాష్ట్ర కోటా సీట్లకు ప్లస్ టూ మార్కులు చూస్తారు, అఖిల భారత కోటా 15 శాతానికి నీట్ ర్యాంకు కావాలి. ఆంధ్రాలో సీటు ఆశిస్తే, చెన్నైలో చదివిన పిల్లకు స్థానికత చిక్కు వస్తుంది, ముందే కనుక్కోండి. ఆ తర్వాత రెండేళ్ల ఎంవీఎస్సీ (పశువైద్యంలో పీజీ)లో సర్జరీ తీసుకోవాలి. మొదటి కొన్నేళ్లు జీతం కుక్కలు, పిల్లులు, ఆవుల వైద్యం మీదే వస్తుంది. తాబేళ్ల కేసులు అరుదుగానే ఉంటాయి. సెలవుల్లో ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీదున్న మద్రాస్ క్రొకడైల్ బ్యాంకుకు తీసుకెళ్లండి, అక్కడ తాబేళ్లు కూడా ఉన్నాయి. నేర్చుకుంటానని ఇంట్లో నక్షత్ర తాబేలు మాత్రం పెంచనివ్వకండి, అది నేరం.

నీట్ ఎలాగూ రాస్తుంది. ఎంబీబీఎస్ సీటుకు సరిపడా ర్యాంకు వస్తే ఏం చేయాలన్నది మీ ముగ్గురూ ఇప్పుడే కూర్చుని మాట్లాడుకోండి. ఫలితాలు వచ్చాకైతే చుట్టాలందరూ ఆ మాటల్లోకి వస్తారు.