మిద్దె మీద అగేవ్ పెంచబోయే పాపకు

పాపా,

విక్టోరియా రెజీనా అగేవ్ కొన్నావని మీ అమ్మ చెప్పింది. మంచి మొక్కను ఎంచుకున్నావు. చేలగట్ల మీద కంచెగా వేసే కిత్తనార జాతే ఇది. కానీ వెడల్పు సాధారణంగా అడుగున్నరకు మించదు, కుండీలోనే జీవితాంతం ఉండగలదు. ఆకుల మీద సున్నంతో గీసినట్టుండే ఆ తెల్లగీతలు ఎంత చూసినా తనివి తీరదు.

దీని సొంత ఊరు ఈశాన్య మెక్సికో ఎడారి. రాళ్ల సందుల్లో పెరుగుతుంది. అందుకే మన తిరుపతి మే ఎండకంటే కార్తీకంలో పడే వానలే దీనికి పెద్ద గండం.

ముందు మట్టి మార్చు. నర్సరీవాళ్లు ఎక్కువగా కోకోపీట్‌లో, అంటే కొబ్బరిపీచు పొట్టులో పెడతారు, అది తడిని వదలదు. వేర్లు చెదరకుండా దాన్ని దులిపేసి, ఎర్రమట్టి, ముతక ఇసుక, చితక్కొట్టిన ఇటుక ముక్కలు సమపాళ్లలో కలిపి నాటు. మొదలు మట్టిలో కూరుకుపోకూడదు. చెంబుడు నీళ్లు పోస్తే వెంటనే అడుగు చిల్లులోంచి కారిపోవాలి, నిలిచాయంటే ఇంకా ఇసుక కలుపు. కుండీ మట్టిదే కావాలి, మొక్కకంటే రెండు మూడు అంగుళాలు వెడల్పుంటే చాలు. పెద్ద కుండీలో తడి ఆరదు. నాటాక వారం రోజులు నీళ్లు పోయకు. తెగిన వేర్లు ఆరాలి.

తర్వాత కూడా పుల్ల గుచ్చి చూసి, లోపల పూర్తిగా ఎండితేనే నీళ్లు పొయ్యి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, బంగాళాఖాతంలో వాయుగుండం అన్న వార్త వినగానే కుండీని సన్‌షేడ్ కిందికి జరుపు. 2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తినటువంటి వాన పడితే ఈ మొక్క తట్టుకోలేదు. కింది ఆకులు పసుపు తిరిగి మెత్తబడితే వేరు కుళ్లినట్టే.

నీడలో పెరిగిన మొక్కను ఒక్కసారిగా ఎండలో పెట్టకు, ఆకులు మాడి మచ్చలు పడతాయి. కొన్ని వారాలు ఉదయపు ఎండే చూపించు. ఆకుల సందుల్లో తెల్లటి దూదిలా అంటుకునే పురుగు, పిండినల్లి కనిపిస్తే స్పిరిట్‌లో ముంచిన బ్రష్‌తో తుడిచెయ్యి. ఎరువు గురించి టెన్షన్ వద్దు, పెద్దగా అడగదు.

ఆకు చివర ముల్లు గట్టిది. పిల్లలు తిరిగే దారిలో పెట్టకు. రసం తగిలితే కొందరికి దురద, బొబ్బలు వస్తాయి, గ్లవ్స్ వేసుకో.

పువ్వు కోసం మాత్రం ఎదురుచూడకు. ఎన్నో ఏళ్లకు ఒక్కసారి పూస్తుంది, పూశాక ఆ మొక్క చనిపోతుంది. మనం పెంచుకునేది ఆకుల అందం కోసమే.

మట్టి మార్చడం ఈ ఆదివారమే చెయ్యి, వానలు మొదలయ్యేదాకా ఆగకు.

ఆశీస్సులతో,
మీ మేనత్త