కోడ్లు చెరిపిన మర్నాడే ఉద్గారాల పరీక్షకు వెళ్ళవచ్చా?

ప్రశ్న: మా పెట్రోలు కారులో చెక్ ఇంజిన్ దీపం వెలిగితే, మెకానిక్ పాడైన ఆక్సిజన్ సెన్సర్ (పొగలోని ఆక్సిజన్‌ను కొలిచేది) మార్చి, కారు కంప్యూటరులో నమోదైన లోపాల కోడ్లను స్కానర్‌తో చెరిపేశారు. దీపం ఆరిపోయింది. మర్నాడు ఓబీడీ పరీక్షకు, అంటే కారు కంప్యూటరును చదివి చేసే ఉద్గారాల పరీక్షకు తీసుకెళితే, కారు ఇంకా సిద్ధంగా లేదని తిప్పి పంపారు. బాగు చేయించిన కారును ఎందుకు కాదన్నారు? ఇప్పుడేం చేయాలి?

జవాబు: మీ కారులో లోపం ఉందని వారు అనలేదు, లోపం లేదని తేల్చే సమాచారం కారు కంప్యూటరులో ఇంకా చేరలేదన్నారు, అంతే. ఈ పరీక్షలో స్టీరింగు కింది భాగంలో ఉండే 16 పిన్నుల సాకెట్‌కు పరికరం తగిలించి, కంప్యూటరు తనంతట తాను చేసుకున్న తనిఖీల ఫలితాలను చదువుతారు. ఈ తనిఖీలనే మానిటర్లు అంటారు. కోడ్లు చెరిపినప్పుడు, చాలా కార్లలో బ్యాటరీ తీగ విప్పినప్పుడు కూడా, ఆ ఫలితాలు తుడిచిపెట్టుకుపోతాయి. లోపాన్ని అలాగే ఉంచి దీపం మాత్రం ఆర్పించుకొచ్చే వారిని అడ్డుకునేది ఈ ఏర్పాటే కనుక, నిజంగా మరమ్మతు చేయించిన మీకు కూడా కొన్నాళ్ళు ఆగక తప్పదు.

మిస్‌ఫైర్ (సిలిండరులో ఇంధనం సరిగా మండకపోవడం), ఇంధన వ్యవస్థల మానిటర్లు ఇంజిను నడుస్తున్నంతసేపూ పనిచేస్తూనే ఉంటాయి. చిక్కంతా పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్, ఆక్సిజన్ సెన్సర్లు, పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచే ఎవాప్ వ్యవస్థల మానిటర్లతోనే, ఎందుకంటే తగిన పరిస్థితులు కుదిరితే తప్ప అవి మొదలే కావు. అందుకని కారును రాత్రంతా కదపకుండా ఉంచి, ఇంజిను పూర్తిగా చల్లబడ్డాక ఉదయం స్టార్ట్ చేయండి. రెండు మూడు నిమిషాలు అలాగే నిలిపి, కాసేపు ఊళ్ళో ఆగుతూ సాగుతూ నడిపి, తర్వాత హైవే మీద గంటకు 80, 90 కిలోమీటర్ల మధ్య, ఆ రోడ్డుపై అనుమతి ఉన్న మేరకు, వేగం మార్చకుండా పది నిమిషాలైనా వెళ్ళండి. వెనుక వాహనాలు లేని చోట బ్రేకు వేయకుండా యాక్సిలరేటర్ వదిలి, వేగాన్ని దానంతటదే తగ్గనివ్వండి. కచ్చితమైన క్రమం కంపెనీని బట్టి, మోడల్‌ను బట్టి మారుతుంది. ఒక్కరోజుతో అన్నీ పూర్తి కాకపోవచ్చు.

అన్నిటికంటే మొండిది ఎవాప్ మానిటర్. ట్యాంకులో పెట్రోలు పావు వంతుకు తక్కువగా గాని, ముప్పాతికకు మించి గాని ఉంటే చాలా కార్లలో అది నడవదు. పరీక్ష ఉంది కదా అని ట్యాంకు నింపుకునేవారు ఇక్కడే పొరపడతారు. ఆవిరి మూత దగ్గర బయటికి పోతోందేమో కూడా చూసుకోవాలి. పెట్రోలు మూత విప్పి, దాని చుట్టూ ఉన్న రబ్బరు వాషరు మీద వేలు తిప్పి చూడండి. పగులు తగిలితే మూత మార్చి, టిక్కుమనే వరకు బిగించండి.

వెళ్ళే ముందు చిన్న స్కానర్‌తో మానిటర్ల స్థితి చూసుకోండి. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ మార్గదర్శకాల ప్రకారం 1996 నుంచి 2000 వరకు వచ్చిన పెట్రోలు మోడళ్ళకు రెండు మానిటర్లు, 2001, ఆ తర్వాతి వాటికి ఒక మానిటర్ పూర్తి కాకపోయినా పరీక్షకు అంగీకరించవచ్చు. మీ ప్రాంతపు నిబంధన ముందే అడిగి తెలుసుకోండి. ఎన్నాళ్ళు నడిపినా ఒకే మానిటర్ మొరాయిస్తుంటే పెండింగ్ కోడ్లు (ఇంకా దీపం వెలిగించని లోపాల కోడ్లు) ఉన్నాయేమో మెకానిక్‌కు చూపించండి. అంతేగాని, మళ్ళీ కోడ్లు చెరపనివ్వకండి. పడిన శ్రమంతా మొదటికొస్తుంది.

ప్రశ్న: మా కారులో చెక్ ఇంజిన్ దీపం ఎప్పుడూ వెలగలేదు. పరీక్షకు ధైర్యంగా వెళ్ళవచ్చా?

జవాబు: ఇంజిను స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం ఆన్ చేసి చూడండి. అప్పుడు ఆ దీపం వెలగాలి. అప్పుడూ వెలగకపోతే బల్బు కాలిపోయి ఉండవచ్చు, లేదా ఎవరైనా దాని తీగ తప్పించి ఉండవచ్చు. పరీక్షలో అదొక్కటే తిప్పి పంపడానికి చాలు.