ఆపరేషన్ సంగతి విన్నాక

చిత్తూరు,
బుధవారం రాత్రి

అమ్మాయ్,

మీ అమ్మ నిన్న ఫోన్ చేసింది. పక్కన ఎవరూ లేకపోయినా గొంతు తగ్గించి, "వదినా, అది జారిన రొమ్ముల్ని పైకెత్తే ఆపరేషన్ చేయించుకుంటుందంట, వద్దని నువ్వైనా చెప్పు" అంది. నేను వద్దని రాయడం లేదు. ఆ భయం లేకుండా చదువు.

బిడ్డ పాలు మానాక అద్దంలో చూసుకోబుద్ధి కావడం లేదని నీ మొగుడితో నువ్వే నోరు తెరిచి చెప్పావట. గర్వంగా అనిపించింది. మా రోజుల్లో ఆ మాట డాక్టరు ముందు అనడానికే కొంగు నోట్లో కుక్కుకునేవాళ్లం. ఆ వెంటనే గుండె ఝల్లుమంది. ఇంకో బిడ్డ కావాలని సంక్రాంతికి నాతో అన్నది నువ్వే కదా? ఏది ముందు, ఏది తర్వాత? నా గొడవంతా అదే.

డాక్టరుకి ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ డీఎన్‌బీ గానీ, ఆ పెద్ద చదువు ఉందో లేదో చూసుకో. అందం కోసం చేసేదానికి ఇన్సూరెన్స్ రాదు, పైగా 18 శాతం జీఎస్టీ. నిండుగా కనపడాలని లోపల సిలికాన్ సంచులు కూడా పెడితే, అవి జీవితాంతం ఉండేవి కావు, మార్చాల్సి రావచ్చు. పెట్టిన 5, 6 ఏళ్లకి మొదటిసారి, ఆపైన 2, 3 ఏళ్లకోసారి స్కానింగ్ తీయించుకోమని అమెరికాలో మందుల మీద అజమాయిషీ చేసే ఎఫ్‌డీఏ చెబుతుంది. ఇవన్నీ ఫోన్‌లో చూసే ఉంటావు.

ఫోన్‌లో దొరకనిది ఒకటి చెప్తా. మీ నాన్నకి కూడా తెలియదు.

1985లో నాకు 21 ఏళ్లు. ఎడమ రొమ్ములో గోలీ అంత గడ్డ, వేలితో నొక్కితే పక్కకి జారిపోయేది. చెడ్డ గడ్డ కాదన్నారు. అయినా తీయించేయాలని మీ అవ్వ పట్టు, సంబంధాలు చూస్తున్నారు కదా. డాక్టర్ని ఆమె అడిగింది ఒక్కటే: "మచ్చ కనపడకూడదు సార్." ఆయన చనుమొన చుట్టూ ఉండే నల్లటి చోట, అంచు వెంబడే కోశాడు. ఏడాది తిరిగేసరికి రంగులో రంగు కలిసిపోయి నాకే కనపడలేదు. రేపు బిడ్డ పుడితే పాల సంగతేమిటని మేం అడగలేదు, ఆయనా చెప్పలేదు. పెళ్లయ్యాక మీ మామకి కూడా దాచాను.

1987లో మీ బావ పుట్టాడు, 2.8 కిలోలు. ఎడమవైపు రాయిలా గట్టిపడి సలుపు, వాడు ఎంత చప్పరించినా నాలుగు చుక్కలు. మా అత్త తెల్లగడ్డలు నేతిలో వేయించి పెట్టింది, మునగాకు వండి పెట్టింది, "కోడలికి పాలు పడలేదు" అని వీధంతా చెప్పుకుంది. నేను నోరు మెదపలేదు. మెదిపితే ఆపరేషన్ బయటపడుతుంది. వాడు ఏడ్చి ఏడ్చి నిద్రపోతే కడుపు నిండిందనుకున్నాను. అదే నేను చేసిన తప్పు తల్లీ, కోత కాదు. పన్నెండో రోజు తూకం వేస్తే 2.3 కిలోలు. నర్సమ్మ నా రొమ్ము చూసి, ఆ అంచు వేలితో తడిమి, "ఇది ఎప్పుడు కోశారు?" అంది. నాకు ఏడుపు ఆగలేదు. ఆమె ఒక్క మాట అనలేదు. కుడివైపు పట్టించి, చాలనిదానికి పాలపొడి కలిపి ఉగ్గుగిన్నెతో పోయమంది. ఆ గిన్నె ఇప్పటికీ నా బీరువాలో ఉంది. వాడు ఇప్పుడు 85 కిలోలు, అన్నం తగ్గించరా అంటే వినడు.

అందరికీ నాలాగే అవుతుందని కాదు. సంచులు పెట్టించుకుని పాలిచ్చినవాళ్లు బోలెడుమంది. రొమ్ము కింది మడతలో కోస్తే పాలగొట్టాలకి దెబ్బ తక్కువ. నల్లటి అంచున కోస్తే ఆ గొట్టాలూ, పాలు దిగమని కబురు పంపే నరమూ తెగే ప్రమాదం ఎక్కువ. జారినదాన్ని పైకెత్తాలంటే మామూలుగా ఆ అంచున కోయాల్సిందే, నువ్వు అడుగుతున్నదీ అదేనట. మళ్లీ కడుపుతో ఉంటే మళ్లీ ఉబ్బుతాయి, మళ్లీ వాలతాయి. అంత డబ్బు పోసి బిగించింది సాగిపోతే ఇంకోసారి బల్ల ఎక్కుతావా?

పాపకి పాలిచ్చి పాడైపోయానని అన్నావట. ఇంకోసారి అంటే వీపు పగులుతుంది. జారేది కడుపు మోసినందుకు, వయసుకి. పాలిచ్చినందుకు కాదు. నీ పురిటి స్నానం పోసిన చేతులు ఇవి, నీ ఒంట్లో పాడైందేదీ లేదు బంగారూ.

ఆగగలిగితే ఆగు. రెండో బిడ్డ పాలు మానాక ఆరు నెలలు చూసుకుని చేయించుకో, డబ్బు కొంత నేనిస్తా. ఆగలేనంటే, డాక్టరుతో మొదటి మాటే "నాకు ఇంకో బిడ్డ కావాలి, పాలివ్వాలి" అను. కాన్పు గదిలో నర్సుకి మచ్చ చూపించు. బిడ్డని తూకం వేయిస్తూ ఉండు, నిద్రపోయింది కదా అని నమ్మకు.

వేలూరు డాక్టర్ని చూసేది శుక్రవారమేనట. మీ తిరుపతి బస్సు చిత్తూరు మీదుగానే కదా పోయేది, నేను బస్టాండులో ఉంటా. కిటికీ పక్క సీటు నాకు పట్టిపెట్టు, వాంతి భయం. మీ అమ్మకి నేను చెప్పుకుంటాలే.

మీ అత్త